పనికిరాని ఎలుకలు

ఆ ఏడు నా ఉద్యోగం ఎలుకల ఉచ్చ పట్టడం. ఈ మాట వింటే మా దీవులవాళ్ల క్లబ్బులో మగాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేది మా తమ్ముడు అడెలీనో. "మా అక్క బోస్టన్‌లో పెద్ద డాక్టర్ల దగ్గర పనిచేస్తోంది. ఎలుక ఎప్పుడు పోస్తుందా అని గిన్నె పట్టుకుని కూర్చుంటుంది" అని కొత్తవాడు ఎవడు కనబడినా చెప్పేవాడు. నేను పట్టించుకునేదాన్ని కాదు. వాడు ఓడరేవులో చేపలు కోసేవాడు. వాడి చొక్కా వాసన ముందు నా ఎలుకల వాసన ఏపాటిది.

మేం నడిసముద్రంలో ఉన్న అజోర్స్ దీవుల వాళ్లం. నాకు పద్నాలుగేళ్లు, వాడికి ఏడేళ్లు ఉన్నప్పుడు అమ్మ మమ్మల్ని బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్ తీసుకొచ్చింది. అమ్మ మిఠాయిల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసేది. వాణ్ణి పెంచింది నేనే. ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నేను చదవాలి, సంతకం ఎక్కడ పెట్టాలో నేను వేలు పెట్టి చూపించాలి. నలభై మూడేళ్లొచ్చినా, పెళ్లై ఇరవై ఏళ్లయినా వాడికి ఆ అలవాటు పోలేదు. వాడి భార్య జుల్మీరా నన్ను సాధించేది. "పెళ్లి ప్రమాణాలు కూడా నువ్వే చదివి సరే అనమన్నావా వదినా?" అనేది. నిజం చెప్పాలంటే నాకు అది బాగానే ఉండేది. పెళ్లీ పెటాకులూ లేనిదాన్ని. నా మాట వినేవాడు ఒక్కడున్నాడు చాలనుకునేదాన్ని.

నేను పనిచేసేది నది అవతల, ఒక ఆస్పత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో. డాక్టర్ లూమిస్ అనే ఆయనది. గాజు సామాన్లు కడగడానికి చేరాను. ఇరవై రెండేళ్లలో ఎలుకల గది మొత్తం నా చేతికొచ్చింది. డిగ్రీలున్నవాళ్లు వస్తారు, రెండేళ్లుంటారు, పోతారు. ఎలుకలూ నేనూ ఉంటాం.

మా లూమిస్ గారి లోకమంతా ఒకే విషయం చుట్టూ తిరిగేది. కాన్సర్ గడ్డ పుట్టినప్పుడు ఆవగింజంత కూడా ఉండదు. దానికి సొంత రక్తనాళం ఉండదు. చుట్టుపక్కల ఊరే తడితో ప్రాణం నిలుపుకుంటుంది, అంతకుమించి పెరగలేదు. ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు అది ఏదో పదార్థాన్ని వదిలి పక్కనున్న నాళాల్ని పిలుస్తుంది. అవి మొలకలేసుకుంటూ దాని దగ్గరికి వస్తాయి. అక్కణ్ణించి దానికి తిండికి లోటుండదు. దీన్ని నేను కోడిగుడ్లలో చూశాను. పెంకుకి చిన్న కిటికీ కోసి, లోపలి పొర మీద గడ్డ ముక్క పెట్టి మూసేదాన్ని. మూడో రోజు తెరిస్తే చుట్టూ ఉన్న నాళాలన్నీ దానివైపే తిరిగి ఉండేవి. తనను చంపబోయేదానికి ఒళ్లే అన్నం పెడుతోంది. ఆ పని చేసినన్నాళ్లూ నేను ఇంట్లో గుడ్డు తినలేదు.

ఆ మధ్య ఆయన్ని ఇంకో సంగతి తొలిచేస్తోంది. పెద్ద గడ్డని కోసి తీసేశాక కొందరికి కొన్ని నెలల్లోనే ఊపిరితిత్తుల నిండా కొత్త గడ్డలు లేస్తాయి. అవి అప్పటికప్పుడు పుట్టినవి కావు, ముందే అక్కడ ఉండి ఉండాలి. మరి అప్పటిదాకా ఎందుకు పెరగలేదు? పెద్ద గడ్డ తనకి నాళాల్ని పిలుచుకుంటూనే, దూరాన ఉన్న పిల్లగడ్డలకి అవి అందకుండా ఏదో ఒక పదార్థాన్ని నెత్తుట్లోకి వదులుతోందని ఆయన అనుమానం. తల్లిగడ్డ ఉన్నంతకాలం పిల్లగడ్డలు నోరెత్తవు. దాన్ని తీసేస్తే వాటికి పట్టపగ్గాలుండవు.

అది అనుమానం కాదని నా చేతుల్తో నేను చూశాను. ఎలుక వీపు చర్మం కింద గడ్డ పెంచేదాన్ని. రెండు వారాలకి సగం ఎలుకలకి మత్తిచ్చి గడ్డ తీసేసేవాళ్లం. మిగతా సగానికి ఊరికే చర్మం కోసి, గడ్డని అలాగే ఉంచి కుట్టేసేవాళ్లం. ఇంకో పదిహేను రోజులకి అన్నిటి ఊపిరితిత్తులూ తీసి చూసేదాన్ని. గడ్డ ఉంచినవాటిలో గుండుసూది మొనంత చుక్కలు, అంతే. గడ్డ తీసేసినవాటిలో ఊపిరితిత్తులు ముద్దలు ముద్దలుగా, నెత్తురు పోసుకుని, చేతికి బరువుగా ఉండేవి. పాతికసార్లు చేస్తే పాతికసార్లూ అదే. ఆ పదార్థం నెత్తుట్లో ఉంటే ఉచ్చలోకీ దిగుతుంది కదా. అందుకే గడ్డలున్న ఎలుకల్ని జాలీ అడుగున్న పంజరాల్లో పెట్టి, సీసాలకు సీసాలు నేను పట్టేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అడెలీనో వంటింట్లో ప్యాంటు విప్పి తొడ చూపించాడు.

"చేపల పెట్టె తగిలిందనుకున్నాను అక్కా. రెండు నెలలైంది, తగ్గడం లేదు."

నేను చెయ్యి వేశాను. వేసిన మరుక్షణమే నాకు తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లుగా వేళ్లకి అలవాటైన గట్టిదనం అది. "ప్యాంటు వేసుకో, రేపు ఆస్పత్రికి పోదాం" అన్నాను. నా గొంతు విని జుల్మీరా పొయ్యి ఆపేసింది.

ముక్క తీసి పరీక్ష చేశారు. కాన్సరే. సర్జన్ మంచివాడు, పొట్టిగా, తొందర లేకుండా మాట్లాడేవాడు. ఊపిరితిత్తుల ఫోటోలు గోడకి పెట్టి చూపించాడు. శుభ్రంగా ఉన్నాయి. గడ్డ ఇంకా ఎముకనీ పెద్ద రక్తనాళాన్నీ తాకలేదు. ఇప్పుడే తీసేస్తే కాలు మిగులుతుంది, తర్వాత రేడియేషన్ కరెంటు పెడతాం, మీకు మంచి అవకాశమే ఉంది అన్నాడు. ఈస్టర్ దాటిన సోమవారానికి ఆపరేషన్ రాశాడు. నేను పక్కన కూర్చుని ప్రతి మాటా తమ్ముడికి మా భాషలో చెప్పాను. "మంచి అవకాశం" అన్న మాటని మాత్రం కొంచెం మెల్లగా చెప్పాను. అప్పటికే నా బుర్రలో పురుగు తిరుగుతోంది.

ఆ వారం లూమిస్ గారిని కదిపాను. ఆయన సూక్ష్మదర్శినిలోంచి తలెత్తలేదు.

"డాక్టర్ గారూ, ఒక మనిషికి తొడలో గడ్డ ఉండి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే, తీసేస్తే మన ఎలుకలకి అయినట్టే అవుతుందంటారా?"

"ఎలుక ఎలుకే, మనిషి మనిషే ఒడీలియా. దీన్ని దానికి ముడిపెట్టకు" అన్నాడు. కటకం తిప్పుకుంటూ, "ఇంకో మాట. ఈ గది సంగతి ఈ గది దాటకూడదు. మనం అచ్చు వేసేదాకా ఒక్క ముక్క కూడా" అన్నాడు.

రెండో మాట కోసమే మొదటి మాట అన్నాడనుకున్నాను. పెద్ద చదువుల వాళ్లు రహస్యం దాచుకోవడానికి ఇలాగే మాట్లాడతారని నాకు గట్టి నమ్మకం. తొడ ఎవరిదో నేను చెప్పలేదు. చెబితే జాలిపడి నా పని ఇంకొకరికి ఇస్తాడేమోనని భయపడ్డాను. ఆ ఒక్క పేరు నోట్లోంచి వచ్చి ఉంటే ఆయన కుర్చీ నా వైపు తిప్పి ఉండేవాడు.

ఈస్టర్‌కి ముందు ఆదివారం. జుల్మీరా ఆకుకూర సూప్ చేసింది, అందులో సాసేజి ముక్కలు ఎక్కువ నా గిన్నెలో వేసింది. అడెలీనో రొట్టె విరుస్తూ అడిగాడు.

"అక్కా, నీ ఎలుకలకైతే ఏం చేస్తావు?"

"కోసేస్తాం."

"కోశాక?"

చెప్పకుండా ఉండాల్సింది. నా నోరు ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందే నడుస్తుంది. మొత్తం చెప్పాను. తల్లిగడ్డ, పిల్లగడ్డలు, పదిహేనో రోజున నా చేతిలో బరువుగా ఉండే ఊపిరితిత్తులు. చెబుతున్నకొద్దీ నాకే ధైర్యం వచ్చింది. లోకంలో ఏ సర్జన్‌కీ తెలియని సంగతి నాకు తెలుసు. అది తెలిసీ మా వాణ్ణి ఆ బల్ల ఎక్కిస్తానా?

"సర్జన్ చెప్పాడు కదా వదినా, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని" అంది జుల్మీరా.

"ఆ ఫోటోల్లో చుక్కలు కనపడవు."

"కనపడనివి ఉన్నాయని నీకెలా తెలుసు?"

"రోజూ చూస్తున్నాను గనక తెలుసు."

"ఎలుకల్లో."

"ఎలుకల్లోనే. ఆయన చదివిన పుస్తకాల్లో ఉన్నదంతా కూడా ముందు ఎలుకల్లో చూసిందే."

జుల్మీరా గిన్నెలు తీసి సింకులో గట్టిగా పెట్టింది. అడెలీనో తొడ మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. "అయితే ఇన్నాళ్లూ నేను కాపలా కుక్కని పెంచుతున్నానన్నమాట. కుక్కని చంపేస్తే దొంగలు దిగుతారంటావు."

"ఆర్నెల్లు ఆగు. ఆ పదార్థం ఏదో తేలబోతోంది. తేలితే ముందు నీకు సూదిలో అది ఎక్కిస్తారు, ఆ తర్వాతే కత్తి. అప్పుడు నాకే బెంగా ఉండదు."

"నువ్వు చెప్పావుగా, సరే" అన్నాడు వాడు. ఫోను నా వైపు జరిపాడు. "ఇంగ్లీషు నీదే కదా. నువ్వే చెప్పెయ్."

సోమవారం నేనే ఫోన్ చేసి తేదీ రద్దు చేయించాను. సాయంత్రం సర్జన్ స్వయంగా ఫోన్ చేశాడు. "ఆయనకి ఎవరో తప్పు సలహా ఇచ్చారు. ఎవరు?" అన్నాడు. "ఇంట్లో అందరం అనుకున్నాం" అన్నాను. మనసు మారితే ఏ రోజైనా రమ్మన్నాడు. ఇంకా రెండుసార్లు ఉత్తరాలు కూడా రాశాడు. ఇంగ్లీషు కాగితాలు నా దగ్గరికే వస్తాయి కదా. చదివి, మడిచి, నా సంచీలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక వాడు సోఫాలో కాలు చాపుకునేవాడు. నేను ల్యాబు నుంచి తెచ్చిన వెర్నియర్ కాలిపర్స్‌తో పొడవూ వెడల్పూ కొలిచేదాన్ని. జుల్మీరా ఆ సమయానికి బట్టలు ఆరేసే నెపంతో వెనక మెట్ల మీదికి వెళ్లిపోయేది. యాభై రెండు మిల్లీమీటర్లు. యాభై ఎనిమిది. అరవై ఏడు. పెరగడం మంచిదేనని కూడా చెప్పాను. గడ్డ పెద్దదైతే ఆ పదార్థం ఇంకా ఎక్కువ వదులుతుంది, కాపలా ఇంకా గట్టిగా ఉంటుంది అన్నాను. ఈ మాటలు నా నోటితో నేనే అన్నాను.

జూన్‌లో పరిశుద్ధాత్మ పండగ. క్లబ్బులో పెద్ద కాగుల్లో గొడ్డుమాంసం రసం కాచి, రొట్టె ముక్కల మీద పోసి ఊరందరికీ పెడతారు. ప్రతి ఏడూ గరిటె అడెలీనోదే. ఆ ఏడు కాలు నొప్పని స్టూలు వేసుకుని కూర్చుని వడ్డించాడు. వడ్డిస్తూ వచ్చినవాళ్లందరికీ కథ చెప్పాడు. ఇప్పుడు కథలో ఎలుకల ఉచ్చకి ఎవరూ నవ్వడం లేదు. మంగలి సెరాఫిమ్ పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మా వీధిలో సగం తలలు ఆయన చేతివే.

"అమ్మాయ్, వీడు చెప్పేది నిజమేనా? కోస్తేనే పాకుతుందంటున్నాడు."

ఈ గది సంగతి ఈ గది దాటకూడదన్న మాట గుర్తొచ్చింది. అందుకని నోరు తెరవలేదు. తల మాత్రం ఊపాను. ఊపినప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

ఆగస్టులో దగ్గు మొదలైంది. మొదట చేపల మార్కెట్టు చలిగది అన్నాం. తర్వాత రుమాల్లో నెత్తురు కనబడింది. జుల్మీరా నాతో చెప్పకుండా వాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోయింది. ఫోటోలు చూడ్డానికి నన్ను పిలిచేసరికి అవి గోడ మీదే ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఏడు గడ్డలు, ఒకటి ద్రాక్షపండంత. తొడలో తల్లిగడ్డ పిడికిలి కంటే పెద్దదై, పెద్ద నాళం చుట్టూ అల్లుకుని, ఎక్కడిదక్కడే ఉంది. అది ఉండగానే పిల్లలు లేచాయి. సర్జన్ నా వైపు చూడకుండా తమ్ముడితోనే మాట్లాడాడు. ఇక కాలు తీసేసినా లాభం లేదన్నాడు. ఆ మాట మా భాషలో చెప్పాల్సింది నేను. చెప్పాను.

మర్నాడు లూమిస్ గారి గదిలోకి వెళ్లి, తొడ ఎవరిదో ఆరు నెలలు ఆలస్యంగా చెప్పాను. ఆయన చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది.

"గడ్డ ఉండగానే లేచాయి డాక్టర్ గారూ. ఎలా లేచాయి? మన ఎలుకల్లో ఒక్కసారి కూడా అలా కాలేదు."

ఆయన కప్పు బల్ల మీద పెట్టాడు. "ఒడీలియా, ఈ గడ్డ మనకి దొరకడానికి ముందు ఎన్ని రకాలు చూశాం?"

ఎలుకల గదికి వెళ్లి పాత నోటు పుస్తకాలు దింపాను. మూడేళ్ల కిందటివి. అన్నీ నా రాతే. పందొమ్మిది రకాల గడ్డలు వరసగా పెంచి చూశాం. కొన్ని తీసినా తియ్యకపోయినా ఊపిరితిత్తులకి పోలేదు. ఎనిమిది రకాల్లో గడ్డ వీపున ఉండగానే ఊపిరితిత్తులు నిండిపోయాయి, తీసినవాటికీ తియ్యనివాటికీ తేడా లేదు. ఒక్క రకం, పదిహేడోది, మాత్రమే లూమిస్ గారు అనుకున్నట్టు ప్రవర్తించింది. దాన్ని ఉంచుకుని మిగతావన్నీ తీసేశాం. నేనే తీసేశాను. పంజరాలు ఖాళీ చేసి, కడిగి, ఒక్కో పేజీ అడుగున రాశాను: "పనికిరావు. పారేశాను." సంతకం, తారీఖు.

ఆ పదిహేడో రకంతో రెండేళ్లు బతికాను. పాతికసార్లు చేస్తే పాతికసార్లూ అదే అని మురిసిపోయాను. అలా చేసే గడ్డనే ఏరి పెట్టుకున్నాం గనక అది అలాగే చేస్తుంది. ఏరింది ఎవరు? నేను. పారేసిన ఎలుకలు నా లెక్కలో లేవు. మా తమ్ముడు ఆ పారేసిన పంజరాల్లోవాడు. నేల మీద కూర్చుని ఆ పేజీలన్నీ మళ్లీ చదివాను. ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది. ఎవరో నా చెయ్యి పట్టి చేయించిన తప్పు కాదు. లూమిస్ గారు చెప్పాడు, సర్జన్ చెప్పాడు, జుల్మీరా చెప్పింది. అందరికంటే ముందు నేనే రాసి పెట్టుకున్నాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కింద, వీధి వైపు వరండాలో వాడూ నేనూ మాత్రమే ఉన్నాం. జుల్మీరా మందుల దుకాణానికి వెళ్లింది. వాడు దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంటే ఎముకలే. దారిన పోయేవాడెవడో పలకరిస్తే, "మా అక్క లేకపోతే ఏప్రిల్‌లోనే కోసి పారేసేవాళ్లు. ఈ వేసవి చూశానంటే ఆవిడ చలవే" అన్నాడు. ఆ మనిషి వెళ్లేదాకా ఆగి, చెప్పేశాను. పందొమ్మిది రకాలు, పేజీల అడుగున నా రాత, సర్జన్ ఉత్తరాలు, అన్నీ.

వాడు వీధి వైపే చూస్తూ విన్నాడు. దగ్గొచ్చింది. తగ్గాక అడిగాడు.

"అయితే ఏప్రిల్‌లో కోయించుకుని ఉంటే?"

"తగ్గి ఉండేదని చెప్పలేను. తగ్గే అవకాశం ఉండేది."

"ఎంత?"

"సగం పైనే అని ఉత్తరంలో రాశాడు సర్జన్."

"ఆ మాట నాకు చెప్పలేదు నువ్వు."

"చెప్పలేదు."

నేను తిట్టమని కోరుకున్నాను. ఆ చేపల కత్తి లాంటి నోరు ఒక్కసారి నా మీద తిరిగితే బావుండుననిపించింది. వాడు దుప్పటి సర్దుకుని, "జుల్మీరాకి చెప్పకు" అన్నాడు. "నేను పోయాక దానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నీకు మాత్రం ఎవరున్నారు? ఒట్టెయ్యి."

ఒట్టేశాను. ఆ తర్వాత నెల రోజుల్లో వాడు నాతో మామూలుగానే ఉన్నాడు. కానీ మందుల సీసా మీది కాగితాలు చదవమని మళ్లీ నాకివ్వలేదు. అర్థం కాకపోయినా తనే కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకునేవాడు.

అక్టోబరు పందొమ్మిదిన పోయాడు. ఇరవై రెండున పాతిపెట్టి వచ్చాం. మూడో అంతస్తులో వాళ్ల ఇంటి నిండా జనం, బల్ల నిండా ఎవరెవరో తెచ్చిన ఉప్పుచేప కూరలు, తియ్యరొట్టెలు. జుల్మీరా నా పక్కనే నిలబడి ఒక చేత్తో ప్లేట్లు అందిస్తోంది. పొద్దుటి నుంచి ఒక్క క్షణం నా చెయ్యి వదల్లేదు. "ఈ రాత్రి ఇక్కడే పడుకో వదినా. ఈ వారమంతా ఉండిపో" అంది. అప్పుడు సెరాఫిమ్ వచ్చాడు. మెడ సన్నబడింది, కాలర్ వదులుగా ఉంది. రెండు చేతులతో నా రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తమ్ముడు పుణ్యాత్ముడమ్మాయ్. పోతూ పోతూ నన్ను కాపాడాడు. నాకు పేగులో గడ్డని చెప్పారు, వేసవి చివర్లో. కోసేస్తే సరిపోతుంది, ఇంకెక్కడా లేదన్నారు. ఇంకెక్కడా లేదన్న మాటకి అర్థం నాకు అడెలీనో ముందే చెప్పాడు కదా. కోయించుకోలేదు గనకే వాడు ఇన్నాళ్లైనా ఉన్నాడు. మూడు వారాల కింద ఆపరేషన్ వద్దని చెప్పేశాను."

గది నిండా మాటల గోల. నాకు ఏదీ వినబడలేదు. జుల్మీరా చెయ్యి నా చేతిలోనే ఉంది. ఒట్టు గుర్తుంది. ఆ చెయ్యి ఉండాలంటే ఊరుకోవాలి, ఈ మనిషి ఉండాలంటే చెప్పాలి. నేను మంచిదాన్నై చెప్పలేదు. ఇంకొకణ్ణి మొయ్యలేననే భయంతో చెప్పాను.

"సెరాఫిమ్ అన్నా, అది తప్పు. నేను చెప్పిందంతా తప్పు. రేపే వెళ్లి కోయించుకో. ఒక్క రకం ఎలుకల్లోనే అలా జరిగింది, మిగతావాటిలో జరగలేదు. అవి నేనే పారేశాను, మర్చిపోయాను. మా వాడు కోయించుకుని ఉంటే బతికేవాడేమో. నేనే ఆపాను."

సెరాఫిమ్ జాలిగా చూశాడు. "పాపం. పోయినవాళ్ల గురించి మనమందరం ఇలాగే అనుకుంటాం. మా ఆవిడ పోయినప్పుడు నేనూ నెల రోజులు నన్నే తిట్టుకున్నాను."

"దుఃఖంలో అంటున్న మాట కాదన్నా. పుస్తకంలో ఉంది, నా రాతే, చూపిస్తాను."

"అప్పుడూ ఎలుకలే అన్నావు, ఇప్పుడూ ఎలుకలే అంటున్నావు. ఏ ఎలుకల్ని నమ్మమంటావు?" అన్నాడు మెల్లగా, మందలింపు లేకుండా. "అప్పుడు నువ్వు స్థిమితంగా ఉన్నావు. ఇప్పుడు లేవు."

జుల్మీరా చెయ్యి తీసేసుకుంది. "ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది.

"ఆగస్టు నుంచి."

"ఆయనకి?"

"చెప్పాను."

ఇరవై ఏళ్ల మొగుడు తనకి చెప్పకుండా పోయిన మాట అది. ఆమె ముఖంలో నా మీద కోపం కంటే ముందు ఆ దెబ్బే కనబడింది. చేతిలో ఉన్న ప్లేటు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి, మేకుకి తగిలించిన నా కోటు తెచ్చి ఇచ్చింది. "మీరు వెళ్లండి" అంది. అందరూ వింటున్నా ఆమె గొంతు పెంచలేదు.

మెట్లు దిగుతుంటే సెరాఫిమ్ నా వెనకే వచ్చాడు. పడిపోతానేమోనని మోచెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నది మాత్రం ఆయనే. ప్రతి చోటా నేను అదే చెప్పాను. సర్జన్ ఫోన్ నంబర్ ఇస్తానన్నాను, నేనే మాట్లాడతానన్నాను, కాళ్లు పట్టుకుంటానన్నాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు, బడిపిల్ల మాట విన్నట్టు.

వీధి తలుపు దగ్గర ఆగాడు. "అడెలీనో చెప్పాడు, మీ వాళ్లు ఏదో మందు తియ్యబోతున్నారట కదా. ముందు అది ఎక్కించి, తర్వాత కోస్తారట."

"అలాంటిదేమీ లేదన్నా. ఎప్పటికొస్తుందో ఎవరికీ తెలీదు. నువ్వు బతికుండగా రాదు."

"వస్తుందిలే" అన్నాడు సెరాఫిమ్. "రాగానే ముందు నాకు చెప్పు. అందాకా నేను ఆగుతాను."